ఇంటరప్ట్ కూడా ఒక అడ్రసే: ఎంఎస్‌ఐ, ఐఓఎంఎంయూ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరులోనూ నల్లగొండలోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు సెలవు రోజుల్లో లినక్స్ కెర్నల్ గురించి చెబుతుంటాను. క్లాసులో ఎవరూ నోరు విప్పరు. అయిపోయాక చాయ్ దగ్గర మాత్రం ఒక్కొక్కరూ మొదలుపెడతారు. అలా పదేపదే వచ్చిన ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాదు. సీ భాష, పేజ్ టేబుల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇది సరిపోతుంది.

ఇంటరప్ట్ అంటే ఒక తీగ మీద వచ్చే సిగ్నల్ కదా? దానికి మెమరీ అడ్రసుతో ఏం పని?

డివైస్ ప్రాసెసర్‌ను "నా పని చూడు" అని పిలవడమే ఇంటరప్ట్. మన సిలబస్ పుస్తకాల్లో ఇంకా ఆ తీగ బొమ్మే ఉంది, అందుకే ఈ అనుమానం. కార్డులను కంప్యూటరుకు కలిపే పాత పీసీఐ బస్‌లో నిజంగానే తీగలు ఉండేవి. ఒక్కో స్లాటుకు నాలుగు, ఏ నుంచి డీ దాకా. కార్డులు ఎక్కువ, తీగలు తక్కువ కాబట్టి ఒకే తీగను నలుగురు పంచుకునేవారు. తీగ మోగితే ఎవరు మోగించారో తెలియదు. కెర్నల్ ఒక్కో డ్రైవరునూ లేపి "నీదేనా?" అని అడగాల్సి వచ్చేది.

1998లో వచ్చిన పీసీఐ 2.2 ఇంకో దారి చూపించింది. డివైస్ తీగను మోగించదు. కెర్నల్ ముందే చెప్పిన ఒక అడ్రసులో, కెర్నల్ ముందే ఇచ్చిన ఒక చిన్న సంఖ్యను రాస్తుంది. అంతే. ఆ రాతే ఇంటరప్ట్. దీన్ని ఎంఎస్‌ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) అంటారు. ఒక డివైసుకు ఇందులో గరిష్ఠంగా 32 ఇంటరప్టులు. తర్వాత పీసీఐ 3.0తో వచ్చిన ఎంఎస్‌ఐ-ఎక్స్‌లో 2048 దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి వేరే అడ్రసు, వేరే సంఖ్య. డివైసులోనే ఒక పట్టిక ఉంటుంది. అందులో ఒక్కో వరుస 16 బైట్లు: అడ్రసు కింది సగం, పై సగం, రాయాల్సిన సంఖ్య, ఆపడానికి ఒక బిట్ ఉన్న పదం.

ఆ రాత వెళ్లి పడే రిజిస్టరును డోర్‌బెల్ అంటారు. మనం ఇంట్లో కాలింగ్ బెల్ అంటామే, అదే. డివైస్ దృష్టిలో మాత్రం అది బెల్లని తెలియదు. నెట్‌వర్క్ ప్యాకెట్‌ను ర్యామ్‌లో రాసినట్టే దీన్నీ రాస్తుంది. మిగతా జవాబులన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడ్డాయి కాబట్టి ఇది బుర్రలో కూర్చోకపోతే ముందుకు వెళ్లకండి.

తీగకంటే ఇది ఎందుకు మేలు? సంఖ్య పెరగడమేనా?

సంఖ్య ఒక్కటే కాదు. వరస ఇంకా పెద్ద లాభం. డివైస్ ముందు ర్యామ్‌లో డేటా రాసి, తర్వాత ఇంటరప్ట్ ఇస్తుందనుకుందాం. తీగ పద్ధతిలో డేటా ఒక దారిన, సిగ్నల్ ఇంకో దారిన పోతాయి. సిగ్నల్ ముందే చేరిపోవచ్చు. అప్పుడు ప్రాసెసర్ పరుగెత్తుకొచ్చి చూస్తే ర్యామ్‌లో ఇంకా పాత డేటానే ఉంటుంది. అందుకే పాత డ్రైవర్లు ముందు డివైస్ రిజిస్టరు ఒకటి చదివేవి. ఆ చదువు తిరిగి వచ్చేలోపు, దారిలో ఆగిన రాతలన్నీ ర్యామ్‌కు చేరాలి. ఎంఎస్‌ఐలో రెండూ రాతలే, రెండూ ఒకే దారి. ముందు బయలుదేరిన డేటాను వెనక వచ్చే ఎంఎస్‌ఐ దాటకూడదని పీసీఐ నియమం. ఇంటరప్ట్ వచ్చిందంటే డేటా వచ్చేసిందన్నట్టే.

మధ్యలో ఐఓఎంఎంయూ ఉంటే ఏం మారుతుంది?

ప్రాసెసర్‌కు అడ్రసులు అనువదించే ఎంఎంయూ ఎలాగో, డివైసులకు ఐఓఎంఎంయూ అలాగ. డివైస్ రాసే అడ్రసు అసలు భౌతిక అడ్రసు కాదు, ఐఓవీఏ అనే మారు అడ్రసు. ఐఓఎంఎంయూ తన పేజ్ టేబుల్ చూసి అసలు చోటుకు పంపుతుంది. పట్టికలో లేకపోతే అక్కడే ఆపేసి ఫాల్ట్ నమోదు చేస్తుంది.

మనవైపు వాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అప్పుడే వేరు జిల్లాలయ్యాయి, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. ఊరు అంగుళం కూడా జరగలేదు, కానీ కవరు మీద రాసే జిల్లా మారింది. మా చుట్టాలు ఇప్పటికీ వనపర్తికి ఉత్తరం రాస్తే "మహబూబ్‌నగర్ జిల్లా" అనే రాస్తారు. పోస్టాఫీసులో వేరుచేసే మనిషికి తెలుసు కాబట్టి అది చేరుతుంది. డోర్‌బెల్ కూడా కదలదు. డివైస్ చేతిలో ఉన్న చిరునామా వేరు. మధ్యలో ఉన్నవాడికి ఆ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి. డేటా బఫర్లకు చెప్పి డోర్‌బెల్ సంగతి మరిచిపోతే, డేటా చక్కగా వస్తుంది, ఇంటరప్ట్ మాత్రం రాదు.

అంటే ప్రతి మెషీన్‌లోనూ డోర్‌బెల్‌ను పేజ్ టేబుల్‌లో పెట్టాలా?

లేదు, ఇక్కడే ఎక్స్86, ఆర్మ్ దారులు విడిపోతాయి. ఒకదాని మీద నేర్చుకున్నది రెండోదానికి అంటించడం వల్లే సగం గందరగోళం.

ఎక్స్86లో హెక్సాలో ఎఫ్‌ఈఈ00000 దగ్గర మొదలయ్యే 1 ఎంబీ జాగా ఇంటరప్టులకే కేటాయించి ఉంది. డివైస్ నుంచి అక్కడికి రాత వస్తే ఐఓఎంఎంయూ దాన్ని మామూలు పేజ్ టేబుల్‌లో వెతకదు. "ఇది ఇంటరప్ట్" అని గుర్తుపట్టి పక్కకు తీస్తుంది. అక్కడ ఇంటరప్ట్ రీమ్యాపింగ్ ఉంటే ఇంకో పట్టిక చూస్తుంది. ఇంటెల్ ఐఓఎంఎంయూ అయిన వీటీ-డీలో ఆ పట్టికలో ఒక్కో వరుస 128 బిట్లు, వరుసలు 65,536 దాకా ఉండొచ్చు. డివైస్ పంపేది వెక్టర్ (ప్రాసెసర్‌కు అందే ఇంటరప్ట్ నంబరు) కాదు, ఆ పట్టికలో తన వరుస నంబరు. ఏ ప్రాసెసర్‌కు ఏ వెక్టర్ పోవాలో వరుసలో కెర్నల్ రాసి ఉంచుతుంది.

ఆర్మ్‌లో అలాంటి ప్రత్యేక జాగా లేదు. డోర్‌బెల్ మామూలు ఎంఎంఐఓ రిజిస్టరే, అంటే మెమరీ లాగే అడ్రసు ఉన్న రిజిస్టరు. ఎస్‌ఎంఎంయూ (ఆర్మ్ ఐఓఎంఎంయూ పేరు) దృష్టిలో ర్యామ్‌కు పోయే రాతకూ, డోర్‌బెల్‌కు పోయే రాతకూ తేడా లేదు. రెండిటికీ పేజ్ టేబుల్‌లో ఎంట్రీ ఉండాల్సిందే. అందుకే అడ్రసు అనువాదం గుండా ఇంటరప్ట్ నడపడం అనే తలనొప్పి ఎక్కువగా ఆర్మ్ వాళ్లది. నా మట్టుకు ఆర్మ్ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది. రాతను రాతలాగే చూస్తుంది. పని మాత్రం పెంచుతుంది.

డివైస్ అబద్ధమాడితే? వేరేవాళ్ల ఇంటరప్ట్ మోగిస్తే?

మంచి ప్రశ్న. నల్లగొండలో సెకండియర్ అమ్మాయి అడిగింది, నాలుగేళ్ల అనుభవం ఉన్నవాళ్లు అడగరు.

రీమ్యాపింగ్ లేని ఎక్స్86 మెషీన్‌లో డివైస్ ఆ ఎఫ్‌ఈఈ జాగాలో తనకు నచ్చిన సంఖ్య రాసేయవచ్చు. ఏ వెక్టర్ అయినా, ఏ ప్రాసెసర్ అయినా. డివైసును ఒక వర్చువల్ మెషీన్‌కు అప్పగించి ఉంటే, ఆ మెషీన్ (గెస్ట్) డివైస్ డీఎంఏతో, అంటే డివైసే నేరుగా మెమరీలో రాసే రాతతో, ఇదే పని చేయించి కింద ఉన్న అసలు మెషీన్‌ను (హోస్ట్‌ను) పడగొట్టే దారి దొరుకుతుంది. ఇది ఊహ కాదు. 2011లో ఇన్విజిబుల్ థింగ్స్ ల్యాబ్ పరిశోధకులు చేసి చూపించారు. పేజ్ టేబుళ్లు ఎంత పకడ్బందీగా ఉన్నా ఈ కిటికీ తెరిచే ఉందన్నమాట. వీఎఫ్ఐఓ (డివైసులను వర్చువల్ మెషీన్లకు అప్పగించే లినక్స్ భాగం) అందుకే రీమ్యాపింగ్ లేకపోతే డివైసును అప్పగించనంటుంది. "అలౌ అన్‌సేఫ్ ఇంటరప్ట్స్" అనే పారామీటరు పెడితే ఒప్పుకుంటుంది. పేరులోనే అన్‌సేఫ్ అని ఉంది, ఇంట్లో ప్రయోగానికి తప్ప పెట్టొద్దు.

రీమ్యాపింగ్ ఉంటే, వరుసలో "ఇది ఫలానా డివైస్‌ది" అని కూడా రాసి ఉంటుంది. వేరే డివైస్ ఆ నంబరు పంపితే తిరస్కరిస్తుంది.

ఆర్మ్‌లో ఈ కాపలా, ఇంటరప్ట్ కంట్రోలర్ అయిన జీఐసీ వెర్షన్ 3లో ఎంఎస్‌ఐలను అందుకునే ఐటీఎస్ అనే భాగం చేస్తుంది. డివైస్ రాసిన సంఖ్య ఈవెంట్ ఐడీ మాత్రమే. డివైస్ ఐడీని హార్డ్‌వేరే రాతతో పాటు పక్కనుంచి అందిస్తుంది, డివైస్ దాన్ని మార్చలేదు. ఐటీఎస్ ముందు డివైస్ పట్టిక, తర్వాత ఆ డివైస్‌కే చెందిన అనువాద పట్టిక చూసి ఒక ఎల్‌పీఐ (ఇలాంటి ఇంటరప్టులకు జీఐసీలో ఉన్న రకం) నంబరు తేలుస్తుంది. ఈ నంబర్లు 8192 నుంచి మొదలవుతాయి. కాబట్టి డోర్‌బెల్ దాకా పోవచ్చా లేదా అన్నది ఎస్‌ఎంఎంయూ చూసుకుంటుంది, అక్కడికి పోయి ఏది మోగించవచ్చన్నది ఐటీఎస్. పాత జీఐసీ వెర్షన్ 2ఎంలో డివైస్ ఐడీ అనేదే లేదు. డోర్‌బెల్ అందితే ఆ ఫ్రేములో ఏదైనా మోగించవచ్చు.

లినక్స్‌లో ఈ పని ఎక్కడ జరుగుతుంది?

డ్రైవర్ రాసేవాళ్లకు ఇది కనపడదు, కనపడకూడదు కూడా. మీరు పీసీఐ ఇంటరప్ట్ వెక్టర్లు కావాలని అడుగుతారు, అంతే. కింద ఇంటరప్ట్ డొమైన్లు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉంటాయి: పైన పీసీఐ ఎంఎస్‌ఐ, దాని కింద ఐటీఎస్, అన్నిటికంటే కింద జీఐసీ.

మనకు కావలసిన ముక్క ఐఓఎంఎంయూ ఫోల్డరులో డీఎంఏ-ఐఓఎంఎంయూ అనే ఫైలులో ఉంది. ఆర్మ్ సంస్థలో రాబిన్ మర్ఫీ రాసింది. వెక్టర్ కేటాయించేటప్పుడు ఐటీఎస్ డ్రైవర్ తన డోర్‌బెల్ భౌతిక అడ్రసు ఇచ్చి "ఐఓఎంఎంయూ డీఎంఏ ప్రిపేర్ ఎంఎస్‌ఐ" అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది ముందు ఆ డివైస్ ఐఓఎంఎంయూ డొమైన్‌లో, అంటే దాని పేజ్ టేబుల్‌లో, ఈ డోర్‌బెల్ పేజీ ఇప్పటికే మ్యాప్ అయిందా అని జాబితాలో చూస్తుంది. అయితే దాన్నే వాడుతుంది. లేకపోతే ఒక ఐఓవీఏ పేజీ తీసుకుని, రాయడానికి మాత్రమే అనుమతితో, ఎంఎంఐఓ గుణంతో మ్యాప్ చేసి జాబితాలో చేరుస్తుంది. వెయ్యి వెక్టర్లున్నా మ్యాపింగ్ ఒక్కటే.

ఐఓవీఏను డివైస్ అందుకోగల హద్దులోనే తీసుకుంటుంది. దీనితో ఒక కొసరు లాభం ఉంది. డోర్‌బెల్ అసలు అడ్రసు 4 జీబీ పైన ఉన్నా, 32 బిట్ల అడ్రసు మాత్రమే రాయగల పాత డివైసుకు కింద ఒక మారు అడ్రసు ఇచ్చి పని నడిపించవచ్చు.

ప్రిపేర్, కంపోజ్ అని రెండు ఫంక్షన్లు ఎందుకు? ఒక్కటి చాలదా?

మొదట ఒక్కటే ఉండేది. మెసేజ్ తయారుచేసే చోటే మ్యాపింగ్ కూడా చేసేది. కానీ మెసేజ్ తయారీ ఇంటరప్ట్ లాక్ పట్టుకుని ఉన్నప్పుడు కూడా జరుగుతుంది. అక్కడ నిద్రపోకూడదు. పేజ్ టేబుల్‌కు మెమరీ తీసుకోవడం, మ్యాప్ చేయడం నిద్రపోయే అవకాశమున్న పనులు. రియల్‌టైమ్ కెర్నల్‌లో ఇది వెంటనే బయటపడుతుంది. అందుకే 2019లో విడగొట్టారు. నిద్ర పట్టే పనంతా ప్రిపేర్‌లో ముందే అయిపోతుంది. కంపోజ్ (కొత్త కెర్నళ్లలో దీని పేరు మారింది) చేసేదల్లా మెసేజ్‌లోని అడ్రసు పేజీ భాగాన్ని ఐఓవీఏతో మార్చడం. పేజీ లోపలి ఆఫ్‌సెట్ అలాగే ఉంటుంది.

వర్చువల్ మెషీన్‌కు డివైస్ ఇచ్చినప్పుడు 128 ఎంబీ దగ్గర ఏదో జాగా రిజర్వు అని కనిపిస్తోంది. ఏమిటది?

వీఎఫ్ఐఓ వాడినప్పుడు ఐఓవీఏలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కెర్నల్ కాదు, బయటి ప్రోగ్రాం. అది గెస్ట్ ర్యామ్ మొత్తాన్ని మ్యాప్ చేసేస్తుంది. కెర్నల్ తన డోర్‌బెల్ కోసం మధ్యలో ఎక్కడో ఒకచోట పేజీ తీసుకుంటే రెండూ గుద్దుకుంటాయి. కాబట్టి ఆర్మ్ ఎస్‌ఎంఎంయూ డ్రైవర్లు హెక్సాలో 8000000, అంటే 128 ఎంబీ దగ్గర 1 ఎంబీ ముందే "ఇది నాది" అని ప్రకటిస్తాయి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఐఓఎంఎంయూ గ్రూపుల కింద రిజర్వుడ్ రీజియన్స్ ఫైలు తెరిస్తే కనిపిస్తుంది. క్యూఎమ్యూ ఎమ్యులేటర్‌లోని వర్ట్ అనే ఆర్మ్ మెషీన్‌లో గెస్ట్ ర్యామ్ 1 జీబీ దగ్గర మొదలవుతుంది, 128 ఎంబీ దగ్గర జీఐసీ ఉంటుంది, కాబట్టి గొడవ లేదు. ఎక్స్86లో అదే ఫైలులో ఎఫ్‌ఈఈ జాగా కనిపిస్తుంది.

ఐఓఎంఎంయూను పాస్‌త్రూలో పెడితే ఈ గొడవంతా పోతుందా?

ఆర్మ్‌లో, అవును. అనువాదమే లేదు కాబట్టి డివైసుకు డోర్‌బెల్ అసలు అడ్రసే ఇస్తారు. ఎక్స్86లో పాస్‌త్రూ డేటాకు మాత్రమే. ఇంటరప్ట్ రీమ్యాపింగ్ దాని పని అది చేస్తూనే ఉంటుంది. అది ఆగాలంటే వేరే పారామీటరు ఉంది, కానీ ఆపడానికి మంచి కారణం నాకింతవరకు కనపడలేదు.

మధ్యలో ఈ అనువాదం వల్ల ఇంటరప్టులు నెమ్మదిస్తాయా?

పట్టిక చూడటానికి కొంత ఖర్చు ఉంటుంది. కానీ ఆ ఎంట్రీలు హార్డ్‌వేర్ క్యాష్‌లో ఉంటాయి. పైగా లాభమూ ఉంది. ఎక్స్86లో రీమ్యాపింగ్ లేకపోతే, ఇంటరప్ట్‌ను ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మార్చాలంటే డివైసులోని పట్టికనే తిరగరాయాలి. ఉంటే కెర్నల్ తన పట్టికలో వరుస మార్చేస్తే చాలు. ఇంకొకటి, పాత ఎంఎస్‌ఐ రూపంలో ప్రాసెసర్ నంబరుకు 8 బిట్లే ఉన్నాయి. వందల కోర్ల సర్వర్లకు అది చాలదు.

"అన్నా, మ్యాపింగ్ అంతా సరిగ్గానే ఉంది, అయినా ఇంటరప్ట్ వస్తలేదు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ అన్నాను. కొన్నేళ్ల కిందట ఇంట్లో ఒక ఆర్మ్ బోర్డు పెట్టుకుని సొంత పీసీఐ డ్రైవర్ రాస్తున్నాను. ఎండాకాలం, మధ్యాహ్నమంతా కరెంటు వస్తూ పోతూ ఉంది, రాత్రే పని. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైలులో నా డివైస్ వరుస ఉంది, లెక్క మాత్రం సున్నా. ఎస్‌ఎంఎంయూ మ్యాపింగే తప్పని గట్టిగా నమ్మాను. మూడు రాత్రులు ఆ కోడ్ చుట్టూ తిరిగాను. ఎస్‌ఎంఎంయూ ఫాల్ట్ ఒక్కటీ రాలేదన్న సంగతి కళ్ల ముందే ఉంది, దాని అర్థం మాత్రం తట్టలేదు. మ్యాపింగ్ తప్పయితే ఫాల్ట్ రావాలి. ఫాల్ట్ రాలేదంటే రాత అసలు డివైస్ గడపే దాటలేదు. చివరికి తేలిందేమిటంటే, నేను డ్రైవర్‌లో బస్ మాస్టర్ బిట్ పెట్టడం మరిచాను. ఆ బిట్ లేకపోతే డివైస్ మెమరీలో ఏదీ రాయలేదు. ఎంఎస్‌ఐ కూడా రాతే కదా! తీగ అనే పాత బొమ్మ నా తలలో ఇంకా పోలేదు, అందుకే దాన్ని వెతకలేదు. ఆ రోజుల్లో మా ఆవిడ "ఆ బోర్డుకు అన్నం కూడా నువ్వే పెట్టు" అని ఊరుకుంది.

అందుకని రాత ప్రయాణించే దారినే వెతకండి. ముందు ఎల్‌ఎస్‌పీసీఐ (పీసీఐ డివైసుల సంగతులు చూపే కమాండ్) వివరంగా నడిపి ఎంఎస్‌ఐ లేదా ఎంఎస్‌ఐ-ఎక్స్ పక్కన ఎనేబుల్ ప్లస్ గుర్తుతో ఉందా, బస్ మాస్టర్ ప్లస్ ఉందా చూడండి. తర్వాత కెర్నల్ లాగ్. ఆర్మ్ ఎస్‌ఎంఎంయూ వెర్షన్ 3లో హెక్సా 10 ఈవెంట్ వస్తే ఆ అడ్రసుకు పేజ్ టేబుల్‌లో అనువాదం లేదని, 13 వస్తే అనుమతి లేదని అర్థం. ఆ అడ్రసు డివైసుకు రాసిన డోర్‌బెల్ ఐఓవీఏ అయితే దొంగ దొరికినట్టే. కంపోజ్ పిలవని ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్ అయితే డివైసుకు అసలు భౌతిక అడ్రసే చేరుతుంది, ఫాల్ట్‌లో కూడా అదే కనిపిస్తుంది.

ఇంటెల్ మెషీన్‌లో ఫాల్ట్ కారణం నంబరు చూడండి. హెక్సా 22 అంటే రీమ్యాపింగ్ వరుస ఖాళీ. సాధారణంగా వెక్టర్ వదిలేశాక కూడా డివైస్ మోగిస్తూ ఉందని. 25 అంటే పాత రూపంలో పంపితే ఆపేశారని. 26 అంటే వరుస ఒకరిది, పంపింది ఇంకొకరని. కొన్ని కెర్నళ్లలో ఇవే 34, 37, 38 అని డెసిమల్‌లో వస్తాయి, కంగారు పడొద్దు.

ఫాల్ట్ లేదు, బస్ మాస్టర్ ఉంది, అయినా లెక్క సున్నానా? అప్పుడు ఐటీఎస్ వైపు పోవాలి. డివైస్ ట్రీలో (బోర్డులో ఏమున్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలు) ఎంఎస్‌ఐ మ్యాప్ తప్పు రాస్తే డివైస్ ఐడీ ఒకటి వస్తుంది, కెర్నల్ పట్టిక ఇంకొకదానికి కట్టి ఉంటుంది. ఐటీఎస్ ఆ రాతను మారు మాట లేకుండా పారేస్తుంది. అన్నిటిలోకీ కఠినమైనది ఇదే, ఎందుకంటే ఎక్కడా చప్పుడుండదు.

రిస్క్-ఫైవ్‌లో ఎలా?

ఐఎంసిక్ అనే కంట్రోలర్‌లో డోర్‌బెల్ ఒక్కో హార్ట్‌కు (మన కోర్ లాంటిది) ఒక పేజీ. వాళ్ల ఐఓఎంఎంయూ స్పెసిఫికేషన్‌లో గెస్టుల ఎంఎస్‌ఐ కోసం విడిగా ఎంఎస్‌ఐ పేజ్ టేబుల్ ఉంది. దాని మీద నేను పని చేయలేదు, ఇంతకంటే చెప్పను.

బోర్డు లేదు, సర్వర్ లేదు. నా లాప్‌టాప్‌లో చూడగలనా?

చూడొచ్చు, డబ్బు ఖర్చు లేదు. క్యూఎమ్యూ కొత్త వెర్షన్ పెట్టుకుని ఆర్మ్ 64 వర్ట్ మెషీన్ తెరవండి. జీఐసీ వెర్షన్ 3, ఐఓఎంఎంయూ ఎస్‌ఎంఎంయూవీ3 అని చెప్పండి. పీసీఐ మీద ఒక ఏహెచ్‌సీఐ (సాటా డిస్కు) కంట్రోలర్ తగిలించండి. ఎంఎస్‌ఐ-ఎక్స్ అయితే అడ్రసు డివైస్ లోపలి పట్టికలో దాగుతుంది, ఏహెచ్‌సీఐ వాడేది మామూలు ఎంఎస్‌ఐ కాబట్టి ఎల్‌ఎస్‌పీసీఐలోనే కనిపిస్తుంది. ఎమ్యులేషన్ కాబట్టి బూట్ కావడానికి కాసేపు పడుతుంది, ఈలోపు చాయ్ తాగి రావచ్చు.

మొదటిసారి కెర్నల్ కమాండ్ లైన్‌లో ఐఓఎంఎంయూ పాస్‌త్రూ 1 అని పెట్టి బూట్ చేయండి. ఎల్‌ఎస్‌పీసీఐలో ఎంఎస్‌ఐ అడ్రసు 08090040 అని వస్తుంది. వర్ట్ మెషీన్‌లో ఐటీఎస్ 08080000 దగ్గర ఉంటుంది, డోర్‌బెల్ రిజిస్టరు అక్కడి నుంచి హెక్సా 10040 దూరం. అది అసలు చిరునామా. రెండోసారి పాస్‌త్రూ 0 పెట్టి బూట్ చేయండి. ఈసారి అదే చోట వేరే అడ్రసు ఉంటుంది, కానీ చివరి మూడు అంకెలు మాత్రం 040గానే ఉంటాయి.